బ్లోఫ్లై జాతులను ఫోటోల నుంచి గుర్తించడం నేర్చుకున్న క్రమం: నా అనుభవం

ఆకు మీద వాలిన ఒక పచ్చని ఈగను మొదటిసారి దగ్గరగా ఫోటో తీసినప్పుడు, దాని ఒంటి మీది లోహపు మెరుపును పుస్తకంలోని బొమ్మతో పోల్చి చూసి, ఏ సందేహమూ లేకుండా దాని కింద ‘లూసిలియా సెరికాటా’ అని రాసుకున్నాను. ఆ తరువాత కొన్ని నెలల పాటు అదే పద్ధతిలో సాగిపోయాను. పచ్చగా ఉన్నవన్నీ లూసిలియా, ముదురు నీలంగా ఉన్నవన్నీ కాలిఫోరా, నీలం పచ్చ కలిసి కళ్ళు ఎర్రగా పెద్దగా ఉన్నవన్నీ క్రైసోమియా. ఈగల వర్గీకరణ మీద ఎన్నో ఏళ్ళు పనిచేసిన ఒక కీటక శాస్త్రవేత్తకు ఆ ఫోటోలు చూపించినప్పుడు, ఆయన నా పేర్లు తప్పని అనలేదు, ఒప్పని కూడా అనలేదు. మూడు ప్రశ్నలు అడిగారు. వెనక కాలి మొదలుకు పైన శూకాల, అంటే గట్టి రోమాల, వరస ఉందా? రెక్క మొదట్లో ఉన్న చిన్న పొలుసు ఏ రంగులో ఉంది? వీపు మీది అడ్డగీతకు వెనక, నడిమి వరసలో ఎన్ని జతల శూకాలు ఉన్నాయి? నా ఫోటోలలో ఏ ఒక్కదాని నుంచీ ఈ మూడింటికీ జవాబు చెప్పలేకపోయాను. ఆ రోజు నుంచి ఈ పనిని మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోవలసి వచ్చింది.

బ్లోఫ్లైలు కాలిఫోరిడే అనే కుటుంబానికి చెందిన ఈగలు. ఇందులో వెయ్యికి పైగా జాతులు ఉన్నాయి. మనం వీటిని రంగును బట్టి పచ్చ ఈగ, నీలి ఈగ అని పిలుస్తాం. రొద చేస్తూ చుట్టూ తిరిగేదాన్ని జోరీగ అనడం కూడా ఉంది గానీ, పశువుల రక్తం తాగే జోరీగలు టబానిడే అనే వేరే కుటుంబానివి. రంగుతోనూ రొదతోనూ పేరు పెట్టే ఈ అలవాటు మాటల్లో ఎంత సహజమో, గుర్తింపులో అంత ప్రమాదకరమని నాకు త్వరలోనే తెలిసివచ్చింది.

జాతి సంగతి అటుంచి, ఫోటోలో ఉన్నది అసలు బ్లోఫ్లై అవునా కాదా అన్నదే తేల్చుకోవలసిన మొదటి విషయం. దీనికి నేను నేర్చుకున్న లక్షణాలలో ఇప్పటికీ అన్నిటికంటే ముందుగా చూసేది ‘మెరాన్’ శూకాలను. ఈగను పక్క నుంచి చూస్తే, వెనక కాలి మొదటి ఖండమైన కోక్సాకు కాస్త పైన, వెనక శ్వాసరంధ్రానికి కింద మెరాన్ అనే ఒక చిన్న పలక కనిపిస్తుంది. దాని మీద గట్టి శూకాలు ఒక వరసలో, చిన్న కంచె నాటినట్టు నిలబడి ఉంటే, ఆ ఈగ బ్లోఫ్లై కుటుంబానికో దాని దగ్గరి కుటుంబాలకో చెందినది. ఇంటి ఈగ కుటుంబమైన మస్కిడేలో ఈ వరస ఉండదు. ఇది అవసరమా అని అనుకునే రోజుల్లోనే నా ఫోటోల సంచయాన్ని ఈ ఒక్క లక్షణంతో వడపోశాను. నేను ఎంతో మురిపెంగా దాచుకున్న ఒక పచ్చ ఈగ ఫోటోలో ఆ పలక నున్నగా, శూకాలు లేకుండా ఉంది. అది లూసిలియా కాదు, నియోమియా అనే ప్రజాతికి చెందిన మస్కిడ్ ఈగ. పేడలో పెరిగే ఈ ఈగలు పచ్చదనంలోనూ మెరుపులోనూ లూసిలియాను ఎంతగా పోలి ఉంటాయంటే, పై నుంచి తీసిన ఫోటోలో కొత్తవారు తేడా పట్టుకోవడం దాదాపు అసాధ్యం. ఒకవేళ రెక్క స్పష్టంగా కనిపిస్తే మాత్రం ఇంకొక ఆధారం దొరుకుతుంది. లూసిలియా రెక్కలో మధ్య ఈనె అంచు దగ్గరకు వచ్చేసరికి ఒక్కసారిగా కోణంలో ముందుకు వంగుతుంది. నియోమియాలో అది మెత్తగా, విల్లులా వంగుతుంది.

మెరాన్ శూకాలు ఉన్నంత మాత్రాన పని పూర్తి కాదు. బూడిద రంగు వీపు మీద మూడు నల్లని చారలు, పొట్ట మీద చదరంగపు గళ్ళలాంటి మచ్చలు ఉండే సార్కోఫాగిడే కుటుంబపు మాంసపు ఈగలకు కూడా ఆ వరస ఉంటుంది. వాటికి వీపు పక్కన భుజానికి వెనక ఉండే త్రికోణపు పలక మీద సాధారణంగా నాలుగు శూకాలు ఉంటాయి, బ్లోఫ్లైలకు రెండే. స్పర్శశృంగం మీద ఉండే అరిస్టా అనే సన్నని ఈకను చూసినా తేడా తెలుస్తుంది. బ్లోఫ్లైలలో అది దాదాపు కొన దాకా రోమాలతో ఈకలాగే ఉంటుంది, మాంసపు ఈగలలో మొదటి సగానికి మించి కొంత దూరం మాత్రమే రోమాలుండి, ఆ పైన బోడిగా ఉంటుంది. ఇతర కీటకాల మీద పరాన్నజీవులుగా పెరిగే టాకినిడే ఈగలకు సాధారణంగా అరిస్టా అంతా బోడిగా ఉంటుంది, వీపు చివరి పలకకు కింద మరొక ఉబ్బు స్పష్టంగా కనిపిస్తుంది.

ఇవి తెలిశాక నా ఫోటోలు ఎందుకు పనికిరాలేదో అర్థమైంది. ఈగ అందంగా కనిపించే కోణం ఒకటి, ఈగ గురించి సమాచారం ఇచ్చే కోణాలు వేరు. ఇప్పుడు ఒక ఈగను ఫోటో తీస్తే నాలుగు వైపుల నుంచి తీయడానికి ప్రయత్నిస్తాను: వీపు మీది శూకాల వరసల కోసం నిటారుగా పై నుంచి, శ్వాసరంధ్రాలు, కాళ్ళు, మెరాన్ కోసం సరిగ్గా పక్క నుంచి, కళ్ళ మధ్య దూరం, చెంపల రంగు కోసం ముఖానికి ఎదురుగా, ఇక రెక్క మొదలు భాగాన్ని కాస్త ఏటవాలుగా. ఎగిరే జీవితో ఇది అంత తేలిక కాదు. తెల్లవారుజామున ఒంట్లో వేడి ఎక్కకముందు ఈగలు మందకొడిగా ఉంటాయి కాబట్టి ఆ సమయమే మేలు. ఆహారం తీసుకున్నాక ఒకచోట కూర్చుని నోటి నుంచి ద్రవపు బుడగను బయటికి తీస్తూ లోపలికి లాక్కుంటూ ఉండే ఈగ కూడా చాలాసేపు కదలకుండా నిలబడుతుంది. కెమెరాను అతి దగ్గరగా తెచ్చినప్పుడు స్పష్టంగా పడే లోతు మిల్లీమీటరు కంటే తక్కువకు పడిపోతుంది కాబట్టి, నిశ్చలంగా ఉన్న నమూనా అయితే ఫోకస్‌ను కొద్దికొద్దిగా జరుపుతూ ఎన్నో ఫోటోలు తీసి, వాటిని కంప్యూటర్‌లో ఒకటిగా కలుపుతాను.

వెలుతురు విషయంలో నేను పడిన ఇబ్బంది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఫోటోల నుంచి గుర్తించేవారిని ఎక్కువగా దారి తప్పించేది ఇదే. ఈ ఈగల పచ్చదనం రంగు పూసినట్టు వచ్చింది కాదు. పై చర్మంలోని అతి పలుచని పొరల మీద పడిన కాంతి పరావర్తనం చెందుతూ ఒకదానితో ఒకటి కలవడం వల్ల ఆ మెరుపు పుడుతుంది, అందుచేత చూసే కోణం మారితే రంగు కూడా మారుతుంది. ఒకే ఈగను ఒకే నిమిషంలో మబ్బు వెలుతురులోనూ నేరుగా పడే ఫ్లాష్‌తోనూ తీసి చూశాను. మొదటి దానిలో నీలం కలిసిన పచ్చ, రెండవ దానిలో పసుపు కలిసిన బంగారు ఛాయ వచ్చాయి. వయసు పెరిగిన ఈగలలోనూ, ఎండిన నమూనాలలోనూ పచ్చ క్రమంగా రాగి రంగుకు తిరుగుతుంది. పైగా నేరుగా పడిన ఫ్లాష్ వీపు మీద తెల్లని మెరుపు మచ్చలు వేసి, ఆ మచ్చల్లో శూకాలను మింగేస్తుంది. ఫ్లాష్‌కు ముందు పలుచని తెల్ల కాగితాన్ని గొట్టంలా చుట్టి వెలుతురును మెత్తబరిచాక, అంతకుముందు ఎప్పుడూ చూడని శూకాలు వాటి మొదళ్ళలోని చిన్న గుంటలతో సహా కనబడటం మొదలైంది. ఆ గుంటలు కూడా విలువైనవే. శూకం విరిగిపోయిన చోట గుంట మిగిలే ఉంటుంది, లెక్కలో దాన్ని చేర్చవలసిందే.

కుటుంబం తేలిన తరువాత ఉపకుటుంబాన్ని విడదీసే లక్షణం నాకు ఎంతో నచ్చినది, ఎందుకంటే అది ఒక్క చూపులో సగం పనిని తేల్చేస్తుంది. రెక్క మొదట్లో, ఈనెలు విడిపోవడానికి ముందు ఉండే లావుపాటి కాండపు ఈనెను పై నుంచి చూడాలి. దాని వెనక అంచున వరసగా రోమాలు ఉంటే ఆ ఈగ క్రైసోమియా, కోక్లియోమియా, ఫోర్మియా, ప్రోటోఫోర్మియా ప్రజాతులు ఉన్న క్రైసోమైనే ఉపకుటుంబానిది. అది బోడిగా ఉంటే లూసిలియా, కాలిఫోరాల వైపు వెళ్ళాలి. రెండవ అడుగు కాలిప్టర్ దగ్గర. రెక్కకూ ఒంటికీ మధ్య మడతపడి ఉండే పలుచని తమ్మెలలో కిందిదాన్ని పై నుంచి చూస్తే, కాలిఫోరాలో దాని మీద సన్నని ముదురు రోమాలు ఉంటాయి, లూసిలియాలో అది నున్నగా ఉంటుంది. ఈ రెండు లక్షణాలు మెరుపుతోగానీ వెలుతురుతోగానీ మారవు. పచ్చగా కనిపించిన క్రైసోమియాను లూసిలియా అని పొరబడిన నా పాత పేర్లలో చాలావరకు కాండపు ఈనె మీది రోమాలే సరిదిద్దాయి.

ఇక్కడే నేను చేసిన ఒక తప్పును చెప్పాలి. రెక్క ముందంచు మొదట్లో రెండు చిన్న పొలుసులు ఒకదాని తరువాత ఒకటి ఉంటాయి. ఒంటికి దగ్గరగా ఉన్నది టెగ్యులా, దాని తరువాతది బేసికోస్టా. జాతుల గుర్తింపులో బేసికోస్టా రంగుకు ఎంతో ప్రాధాన్యం ఉంది. లూసిలియా సెరికాటా, లూసిలియా కుప్రినాలలో అది పసుపు రంగులో ఉంటుంది. లూసిలియా సీజర్, లూసిలియా ఇలస్ట్రిస్‌లలో నల్లగా ఉంటుంది. నేను కొన్ని వారాల పాటు నల్లని టెగ్యులాను చూసి అదే బేసికోస్టా అనుకుని, పసుపు బేసికోస్టా ఉన్న ఈగలన్నిటినీ సీజర్ వర్గంలో వేశాను. ఒక చనిపోయిన ఈగ రెక్కను భూతద్దం కింద పెట్టి, సన్నని సూది మొనతో ఒక్కొక్క పొలుసునూ తాకి చూసిన రోజున గానీ ఆ పొరపాటు బయటపడలేదు. బొమ్మలో బాణం గుర్తు చూసి నేర్చుకున్నది ఒకసారైనా నమూనా మీద చేత్తో సరిచూసుకోకపోతే కలిగే నష్టం ఇదే.

కాలిఫోరా జాతుల విషయంలో మాత్రం ఫోటో నాకు అన్యాయం చేయలేదు. ఎక్కువగా ఎదురయ్యే రెండింటిలో కాలిఫోరా వోమిటోరియాకు 1758లో లిన్నేయస్ పేరు పెట్టాడు, కాలిఫోరా విసీనాను 1830లో రొబినో డెవాయిడీ వర్ణించాడు. పై నుంచి చూస్తే రెండూ దుమ్ము చల్లినట్టు బూడిద రంగు కలిసిన ఉరంతో, మెరిసే నీలి ఉదరంతో ఒకేలా ఉంటాయి. తేడా అంతా చెంపల దగ్గర ఉంది. విసీనాకు చెంప ముందు భాగం నారింజ రంగులో ఉంటుంది, దాని మీది రోమాలు నల్లనివి. వోమిటోరియాకు చెంప నల్లనిది, దాని వెనక కింది భాగంలో మాత్రం నారింజ రంగు రోమాలు గడ్డంలా పెరిగి ఉంటాయి. అంటే ఒకదానిలో చర్మం నారింజ, మరొకదానిలో రోమాలు నారింజ. ‘ముఖం మీద నారింజ కనిపించింది’ అని మాత్రమే రాసుకుంటే రెండూ కలిసిపోతాయి, ఏది నారింజ అని రాసుకున్నప్పుడే విడిపోతాయి. బేసికోస్టా కూడా విసీనాలో పసుపు, వోమిటోరియాలో నలుపు కాబట్టి, పక్క నుంచి తీసిన ఒక్క మంచి ఫోటోలోనే రెండు సాక్ష్యాలూ దొరుకుతాయి. నేను మొట్టమొదట ధైర్యంగా జాతి పేరు రాసింది ఒక వోమిటోరియా ఆడ ఈగకే. కళ్ళ మధ్య వెడల్పుగా ఖాళీ ఉంటే ఆడది, కళ్ళు దాదాపు కలిసిపోతే మగది అని అప్పటికే నేర్చుకున్నాను. ఈ కుటుంబంలో చాలా జాతులకు అది వర్తిస్తుంది.

క్రైసోమియాలో మగ ఈగల కళ్ళే ఒక జాతిని పట్టిస్తాయి. క్రైసోమియా మెగాసెఫలా మగ ఈగ సంయుక్త నేత్రంలో పై భాగపు కటకాలు పెద్దవిగా, కింది భాగపువి చిన్నవిగా ఉండి, రెంటికీ మధ్య గీత గీసినట్టు హద్దు కనిపిస్తుంది. దీన్ని మొదటిసారి పెద్దది చేసి చూసిన క్షణం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఒకే కన్ను రెండు కళ్ళుగా ఉన్నట్టు, పై సగం తేనెపట్టులా, కింది సగం నూలు గుడ్డలా కనిపించింది. ఆడ ఈగకు ఈ తేడా ఉండదు కాబట్టి అక్కడ ఉరం ముందు వైపు ఉన్న శ్వాసరంధ్రం రంగును చూడాలి. మెగాసెఫలాకు అది ముదురు గోధుమ రంగు, క్రైసోమియా రూఫిఫేసీస్‌కు తెల్లగా, పాలిపోయినట్టు ఉంటుంది. రూఫిఫేసీస్‌కు ఉదరపు ఖండాల వెనక అంచుల్లో నల్లని పట్టీలు కూడా స్పష్టంగా ఉంటాయి. అయితే తెల్లని శ్వాసరంధ్రం కనిపించగానే పేరు రాసేయకూడదు. క్రైసోమియా ఆల్బిసెప్స్ కూడా అలాగే ఉంటుంది. ఆ రెంటినీ విడదీయడానికి వాడే లక్షణం ముందు శ్వాసరంధ్రం పక్కన ఉండే ఒకే ఒక్క శూకం, రూఫిఫేసీస్‌లో ఉంటుంది, ఆల్బిసెప్స్‌లో సాధారణంగా ఉండదు. ఫోటోలో ఒక శూకం ‘లేదు’ అని చెప్పడం ‘ఉంది’ అని చెప్పడం కంటే ఎంతో కష్టం. అది నిజంగా లేదా, విరిగిపోయిందా, ఫోకస్‌లో పడలేదా అన్న మూడు సందేహాలూ తీరిన తరువాతే ఆ మాట అనగలం.

గుర్తింపు కీ గురించి కూడా నాకు ఒక చేదు అనుభవం ఉంది. కీ అంటే మెట్టు మెట్టుకూ రెండు వర్ణనలు ఇచ్చి, వాటిలో ఒకదాన్ని ఎంచుకుంటూ పోతే చివరికి పేరు చేర్చే పట్టిక. నాకు దొరికిన మొదటి కీ వేరే ఖండపు జాతుల కోసం తయారైనది. అందులో ప్రతి మెట్టూ నాకు సరిపోయినట్టే కనిపించింది, చివరికి ఒక పేరు కూడా వచ్చింది. కాని ఆ జాతి నేను ఫోటో తీసిన చోటికి దరిదాపుల్లో కూడా లేదు. తనలో లేని జాతిని కీ ఎన్నటికీ చూపించలేదు, దానికి తెలిసినవాటిలో దగ్గరగా ఉన్నదాని దగ్గరకు తీసుకుపోయి వదిలేస్తుంది. ఆ తరువాత ఏ కీ తెరిచినా మొదట అది ఏ ప్రాంతానికి, ఏ ఏట రాసినదో చూస్తున్నాను. ఆ ప్రాంతంలో నమోదైన జాతుల జాబితాను పక్కన పెట్టుకుంటున్నాను. కొన్ని బ్లోఫ్లైలు మనుషుల రాకపోకలతో కొత్త ఖండాలకు చేరాయి కాబట్టి పాత జాబితా కూడా పూర్తి భరోసా ఇవ్వదు.

ఇక సెరికాటా, కుప్రినాల సంగతి. నా మొదటి ఫోటో కింద నేను రాసిన పేరు ఈ జంటలో ఒకటి కాబట్టి, వీటి మీద అన్నిటికంటే ఎక్కువ కాలం గడిపాను. సెరికాటా అంటే పట్టు కట్టినది, కుప్రినా అంటే రాగి రంగుది అని పేర్లకు అర్థం. ఆ అర్థాలను నమ్మి పచ్చగా ఉంటే సెరికాటా, రాగి ఛాయ ఉంటే కుప్రినా అనుకోవడం చాలామంది చేసే పనే, నేనూ చేశాను. రెంటికీ బేసికోస్టా పసుపే, రెంటికీ వీపు మీద అడ్డగీతకు వెనక నడిమి వరసలో మూడు జతల శూకాలే. రంగులో కొంతవరకు నమ్మదగిన తేడా ముందు కాలి తొడ ఖండమైన ఫీమర్‌లో ఉంది. కుప్రినాలో దానికి లోహపు పచ్చ మెరుపు ఉంటుంది, సెరికాటాలో అది నల్లగా లేదా ముదురు నీలంగా ఉంటుంది. అయితే ఆకుపచ్చని ఆకు మీద వాలిన నున్నని నల్లని కాలు ఆ ఆకు పచ్చదనాన్నే ప్రతిఫలిస్తుంది. అందుచేత జీవించి ఉన్న ఈగ ఫోటోలో ఈ లక్షణాన్ని ఒంటరిగా నమ్మడం మానేశాను.

నమ్మదగినవి రోమాల లెక్కలు, వాటికి నమూనా కావాలి. కొన్ని ఈగలను వల వేసి పట్టి, ఫ్రీజర్‌లో పెట్టి, ఎండిపోకముందే పిన్ను గుచ్చాను. పిన్నును ఉరం మధ్యలో కాకుండా కాస్త కుడి వైపుకు గుచ్చాలి. అలా చేస్తే కుడి వైపు కొన్ని శూకాలు పోయినా ఎడమ వైపువి చెక్కుచెదరకుండా ఉంటాయి. ఇంకొక జాగ్రత్తను మొదటి రెండు నమూనాలు పాడయ్యాక గానీ తెలుసుకోలేదు. తల వెనక భాగం కనిపించాలంటే ఈగ మెత్తగా ఉన్నప్పుడే తలను మెల్లగా ముందుకు వంచి ఉంచాలి, ఎండాక కదిపితే తల ఊడిపోతుంది. కుళ్ళిన పదార్థం మీద తిరిగిన ఈగల రోమాలు జిడ్డుతో అంటుకుని ఉంటాయి కాబట్టి ఆల్కహాల్‌లో తడిపిన సన్నని కుంచెతో వాటిని విడదీయాలి. ప్రతి పిన్ను కింద ఎక్కడ, ఎప్పుడు, ఎవరు పట్టారో రాసిన చీటీ ఉండాలి, చీటీ లేని నమూనాకు శాస్త్రంలో విలువ లేదు.

స్టీరియో మైక్రోస్కోపు కింద తల వెనక భాగాన్ని తిప్పి, నడినెత్తి లోపలి శూకానికి కిందుగా ఉన్న చిన్న రోమాలను లెక్కపెట్టాను. కుప్రినాలో ఒక్కొక్క వైపు ఒకటే ఉంటుంది, సెరికాటాలో ఒకటి కంటే ఎక్కువ, సాధారణంగా రెండు నుంచి ఐదు ఉంటాయి. తరువాత భుజం దగ్గరి ఉబ్బు వెనక వాలులో ఉన్న సన్నని రోమాలు, సెరికాటాలో ఆరు నుంచి ఎనిమిది, కుప్రినాలో నాలుగుకు మించవు. చదవడానికి ఇది ఒక నిమిషం పని. చేయడానికి ఒక్కొక్క ఈగకు అరగంట పట్టింది, ఎందుకంటే దీపం కోణం మార్చినప్పుడల్లా ఇంకొక రోమం కనబడేది, లేదా రోమం అనుకున్నది దుమ్ముపోగు అని తేలేది. ఎడమ వైపు లెక్కను, కుడి వైపు లెక్కను వేరువేరుగా రాసి, మరునాడు పాత లెక్క చూడకుండా మళ్ళీ లెక్కపెట్టే అలవాటు చేసుకున్నాను. ఎక్కువ నమూనాలలో లక్షణాలన్నీ ఒకే జాతిని చూపాయి. ఒక ఆడ ఈగ మాత్రం తల వెనక ఒక వైపు ఒకటి, మరొక వైపు రెండు రోమాలతో, భుజం మీద ఐదింటితో నా లెక్కలన్నిటికీ మధ్యలో నిలిచింది. ఈ రెండు జాతులు సంకరం చెందుతాయని అప్పటికి చదివి ఉన్నాను, అయినా ఒక్క నమూనా చూసి అది సంకరమని అనడానికి నాకు అధికారం లేదు. దాని చీటీ మీద ‘లూసిలియా సెరికాటా లేక కుప్రినా’ అని రాసి, లెక్కలన్నీ పక్కన చేర్చాను.

నలుపు బేసికోస్టా ఉన్న సీజర్, ఇలస్ట్రిస్‌ల విషయంలో శూకాలు కూడా చాలవు. మగవాటి జననాంగాల ఆకారాన్ని విడదీసి చూడటమే వాటికి దారి. ఎండకముందే ఉదరం చివరి నుంచి వాటిని సూదితో బయటికి లాగి ఉంచితే తరువాత పని తేలికవుతుంది. డీఎన్ఏ పరీక్ష అన్నిటికీ తీర్పు చెబుతుందని నేను మొదట అనుకున్నాను. జంతువుల గుర్తింపుకు మామూలుగా వాడే మైటోకాండ్రియా సీఓ1 జన్యుఖండం చాలా బ్లోఫ్లైలను చక్కగా విడదీస్తుంది గానీ, ఈ రెంటినీ నమ్మకంగా విడదీయలేదు. జన్యువు చేతులెత్తేసిన చోట పాతకాలపు సూది, భూతద్దం జవాబు చెప్పడం నాకు ఎంతో సంతోషాన్ని ఇచ్చింది.

డింభకాల గురించి కొద్దిగానే చెబుతాను, ఎందుకంటే ఫోటోల నుంచి వాటిని జాతి వరకు గుర్తించడంలో నా అనుభవం తక్కువ. వెనక చివర ఉండే రెండు శ్వాసరంధ్ర ఫలకాలలో మూడేసి చీలికలు ఉంటే అది మూడవ దశ, రెండేసి ఉంటే రెండవ దశ అని చెప్పవచ్చు. ఆ ఫలకం చుట్టూ ఉన్న నల్లని వలయం పూర్తిగా మూసుకుని ఉంటే లూసిలియా, కాలిఫోరాల వైపు, ఒకచోట తెగి ఉంటే క్రైసోమియా వైపు చూడాలి. రూఫిఫేసీస్, ఆల్బిసెప్స్ డింభకాలు మాత్రం ఒంటి నిండా కండగల ముళ్ళలాంటి బొడిపెలతో ఉండి, మిగిలినవాటి నుంచి కంటితోనే వేరుగా కనిపిస్తాయి. ఇవి పక్కనున్న ఇతర జాతుల డింభకాలను తినేస్తాయి కూడా.

ఇంత సూక్ష్మంగా ఎందుకు అని నన్ను అడిగినవారు ఉన్నారు. మానని పుండ్లలోని చచ్చిన కండను తొలగించడానికి వైద్యంలో వాడేది సెరికాటా డింభకాలను. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2004లో వాటికి అనుమతి ఇచ్చింది. దానికి కవలలాంటి కుప్రినా గొర్రెల చర్మం మీద గుడ్లు పెట్టి, బతికున్న జంతువునే గాయపరిచే తెగులుకు కారణం. బతికున్న కండను తినే కోక్లియోమియా హొమినివోరాక్స్ 1988లో లిబియాలో బయటపడినప్పుడు, వంధ్యీకరించిన ఈగలను కోట్ల సంఖ్యలో వదిలి దాన్ని నిర్మూలించవలసి వచ్చింది. చచ్చిన కండతో సరిపెట్టుకునే కోక్లియోమియా మాసెల్లేరియా చూపుకు దాదాపు అలాగే ఉంటుంది. శవం మీది డింభకాల వయసును బట్టి మరణం ఎప్పుడు జరిగి ఉంటుందో అంచనా వేసేవారికి కూడా జాతి పేరే మొదటి మెట్టు. ఒకే ఉష్ణోగ్రతలో ఒక్కొక్క జాతి ఒక్కొక్క వేగంతో పెరుగుతుంది కాబట్టి, పేరు తప్పితే రోజుల లెక్క కూడా తప్పుతుంది. ఈ సంగతులు తెలిసినప్పటి నుంచి ఊహతో పేరు రాయడం నాకు చిన్న పొరపాటుగా తోచడం లేదు.

పాత ఫోటోలన్నిటినీ ఇటీవల మరోసారి తిరగేశాను. ఒక్కొక్కదాని కింద పేరుతో పాటు, ఆ పేరు ఏ లక్షణం చూసి రాశానో ఒక వాక్యం చేర్చాను. అలా వాక్యం రాయలేనప్పుడల్లా జాతి పేరు కొట్టేసి ప్రజాతి దగ్గర, ఒక్కోసారి కుటుంబం దగ్గర ఆగాను. ఆకు మీద వాలిన ఆ మొదటి ఈగ దగ్గరకు వచ్చేసరికి, దాన్ని ఎంత పెద్దది చేసి చూసినా మెరాన్ రెక్క నీడలో ఉంది, బేసికోస్టా ఫ్లాష్ మెరుపులో కరిగిపోయింది, మధ్య ఈనె వంపు మాత్రం కోణంగానే ఉంది. వీపు మీద అడ్డగీతకు వెనక రెండు జతల శూకాలు స్పష్టంగా లెక్కపెట్టగలిగాను. మూడవది ఉండవలసిన చోట ఫోకస్ అందలేదు. ‘లూసిలియా కావచ్చు, మెరాన్ కనిపించలేదు’ అని రాసి ఆ ఫోటోను భద్రపరిచాను.